మా నాయన కారులో ఆళ్ళగడ్డకు

కారున్నవాడికి ఒక చింత, పాత కారున్నవాడికి వేయి చింతలు అని మా ఆవిడ అంటూ ఉంటుంది. ఆమె మాట అబద్ధం కాదు.

మాది 1991 నాటి మారుతి 800. పి.వి. నరసింహారావుగారు నంద్యాల ఉపఎన్నికలో గెలిచిన ఏడాదే మా నాయన దాన్ని కొన్నాడు. అందరూ దాన్ని స్వదేశీ కారనే అనుకునేవారు గాని, పుట్టుకకు అది జపాను పిల్ల. జపానులో హమామత్సు అనే ఊళ్ళో 1909లో మగ్గాలు చేసే కార్ఖానాగా మొదలైన సుజుకీ కంపెనీ, 1979లో ఆల్టో అనే చిన్న కారు చేసింది. అదే 796 సి.సి. ఇంజనుతో 1983 డిసెంబరులో మన దేశానికి మారుతి అయి వచ్చింది. 1986లో రూపు మార్చుకున్నది. మాది ఆ రెండో రూపు. పత్తి పండే మా నల్లరేగడి సీమకు మగ్గాలవాళ్ళ కారు రావడం ఏ జన్మ ఋణానుబంధమో!

ఈ 2026లో దాని రిజిస్ట్రేషను గడువు తీరుతుంది. సొంత కారుకు మొదట 15 ఏళ్ళు, ఆపైన అయిదేసి ఏళ్ళు చొప్పున పొడిగిస్తారు. 2021లో 600 రూపాయల రుసుముతో సరిపోయింది. మరుసటి ఏడు అది 5,000 అయింది. 20 ఏళ్ళు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. యాభై ఏళ్ళు నిండితే పురాతన వాహనమన్న గౌరవం దక్కుతుంది. మాది ముసలిదే గాని, పురాతనం కాదు!

డబ్బు సంగతి అటుంచండి. అసలు చిక్కు మేస్త్రితో వచ్చింది. మా నాయన కాలంనుంచీ దీన్ని బాగుచేస్తున్నది ఆయనే. మొన్న చల్లగా చెప్పాడు: "ఉగాదికి షెడ్డు మూసేస్తాను సార్. కండ్లు ఆనడం లేదు. మావాడు బెంగుళూరులో ఉద్యోగం వదిలి రాడు."

కొత్త కుర్రాళ్ళు గట్టివాళ్ళే. కాని కంప్యూటరు తగిలించి జబ్బు కనుక్కుంటారు. మా బండికి అది తగిలించే చోటే లేదు. కార్బురేటరు, చోక్, డిస్ట్రిబ్యూటరులో పాయింట్లు - వీటిని చెవితో విని, వేలితో సరిచేయాలి.

"అమ్మేయండి, పీడా పోతుంది," అన్నది మా ఆవిడ. నేను మాట్లాడకపోయేసరికి కాస్త మెత్తబడి, "సరే, ఆళ్ళగడ్డ దాకా పోయి వద్దాం. దోవలో నిలబెట్టిందా, ఇక నా మాట వినండి," అని షరతు పెట్టింది.

ఆళ్ళగడ్డలో పని ఉన్నమాట నిజం. మా ఊరి శివాలయంలో నందికి చెవి విరిగింది. భిన్నమైన విగ్రహం పూజకు పనికిరాదు గనుక, కొత్తది చెక్కించే బాధ్యత నా నెత్తిన పడింది. నంద్యాల చుట్టూ తొమ్మిది నందులున్నా, కొత్త నంది కావాలంటే ఆళ్ళగడ్డ శిల్పుల దగ్గరికి పోవలసిందే.

తెల్లవారి బయలుదేరాం. చోక్ లాగి తాళం తిప్పితే రెండో పిలుపుకు పలికింది. ఊరు దాటితే కడపకు పోయే పెద్ద రోడ్డు. ఎడమ చేతివైపు దూరాన నల్లమల కొండలు నీలంగా కనిపిస్తాయి. దగ్గర్లో వరిమళ్ళు, ఆవల నల్లరేగడి చేలు. లారీలు మమ్మల్ని దాటిపోతూ గాలితో ఒక తోపు తోసేవి. అద్దాలు దించుకుని, అరవై మించకుండా, మా దారిన మేం పోతున్నాం.

శిరివెళ్ళ దాటామో లేదో, గుప్పున పెట్రోలు వాసన! కారు పక్కకు తీసి, ఇంజను ఆపి బానెట్టు ఎత్తాను. పెట్రోలు పంపులోకి పోయే రబ్బరు గొట్టం కొస దగ్గర చీలి, బొట్లుబొట్లుగా కారుతున్నది. ఇప్పటి పెట్రోలులో నూటికి 20 పాళ్ళ దాకా ఇథనాలు కలుపుతున్నారు. పాత రబ్బరుకు అది పడదనీ, గొట్టాలన్నీ మార్చమనీ మేస్త్రి ఆరు నెలలుగా చెబుతూనే ఉన్నాడు. బద్ధకం నాది.

మా ఆవిడ నా ముఖంవంక చూసింది. నేను మేస్త్రికి ఫోను చేశాను.

"భయపడాకండి సార్. ముందు అమ్మగారిని దూరంగా నిలబెట్టండి. ఇంజను బాగా చల్లారనీండి. తరువాత క్లిప్పు వదులుచేసి, చీలినంత మేర కత్తితో కోసేయండి. మిగిలింది మళ్ళీ ఎక్కించి బిగించండి. ఈపొద్దుకు సరిపోతాది."

ముప్ఫయ్యేళ్ళుగా ఆయన చేతులు చూస్తున్నానే గాని, స్క్రూడ్రైవరు నేను పట్టింది లేదు. అరగంట ఆగి, ఆయన చెప్పినట్టే చేశాను. చొక్కా పాడయింది, వేలు గీరుకుంది. తాళం తిప్పాను. బండి పలికింది. వంగి చూస్తే ఒక్క బొట్టు లేదు. అంత సంతోషం ఆ కారు మొదటిసారి ఇంటికొచ్చిన నాడు కూడా కలగలేదు.

ఆళ్ళగడ్డలో ఎటు చూసినా ఉలి చప్పుడే. సగం చెక్కిన దేవుళ్ళు తెల్లటి రాతిదుమ్ములో నిలబడి ఉన్నారు. మేం పోయిన చోట తండ్రీ కొడుకూ ఒకే రాతి ముందు కూర్చున్నారు. కొడుకు ఉలి కాస్త పక్కకు పోతే, తండ్రి పల్లెత్తు మాట అనకుండా వేలు పెట్టి గీత చూపించాడు. అంతే, ఉలి దారికొచ్చింది. నంది కొలతలు, బయానా మాట్లాడుకుంటున్నంతసేపూ నా కళ్ళు ఆ వేలిమీదనే ఉన్నాయి.

నా చేతుల మసి చూసి పెద్దాయన సంగతి అడిగాడు. చెప్పాను. "మా రాయి విరిగితే అతుకు పనికిరాదు సార్. మీ బండికి అతుకైనా ఉంది, అదృష్టం," అని నవ్వాడు.

తిరుగు దారిలో మా ఆవిడ షరతు ఊసెత్తలేదు. నంద్యాల చేరగానే నేరుగా షెడ్డుకు పోనిచ్చాను. మేస్త్రి గొట్టం తడిమి చూసి, "ఫరవాలేదే!" అన్నాడు.

"ఉగాదికి ఇంకా వారాలున్నాయి కదా, నాకు నేర్పిస్తావా?" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఆదివారం పొద్దున్నే రండి. పాయింట్లతో మొదలుపెడదాం. ఆ తెల్ల చొక్కాతో మాత్రం రావద్దు."

"పాత చొక్కాలు చాలా ఉన్నాయిలే," అన్నది కారులోనుంచి మా ఆవిడ.