తాళం లోపలి తాళం

ఇంటికి తాళం వేసి, నాలుగడుగులు నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చి తాళాన్ని ఒకసారి లాగి చూసుకోవడం మనవాళ్ళ అలవాటు. దేశం మారినా ఆ అలవాటు మారలేదు. మారినదల్లా తాళమే. అమెరికా వచ్చిన కొత్తలో మనవాళ్ళు కొనుక్కున్న పాత కార్లకు మామూలు తాళంచెవి ఉండేది. అది లోపల ఉండిపోతే కోటు తగిలించే తీగను సాగదీసి, అద్దం పక్కనున్న రబ్బరు సందులోంచి దూర్చి, తలుపు మీది గుబ్బను పైకి లాగేవారు. ఆ విద్య తెలిసినవారు ప్రతి అపార్టుమెంటులోనూ ఒకరైనా ఉండేవారు.

ఇప్పటి కార్లలో ఆ గుబ్బ లేదు. జేబులో రిమోట్ ఉంటే చాలు, పిడి మీద చెయ్యి వేయగానే తలుపు తెరుచుకుంటుంది. ఎటొచ్చీ, తలుపు తెరిచేది నిజానికి రిమోట్ కాదు, కారు బ్యాటరీ. రిమోట్ పంపే కబురు వినడానికీ, గడియ తీయడానికీ కరెంటు కారులోనే ఉండాలి. ఆ బ్యాటరీ కాస్తా చచ్చిపోతే రిమోట్ ఎన్నిసార్లు నొక్కినా వినే నాథుడు ఉండడు.

ఈ అవస్థ మనకు ఇండియా ప్రయాణాల పుణ్యమా అని తరచు ఎదురవుతుంది. మనలో చాలామంది ఇంజనీర్లమే కదా, ఒక చిన్న లెక్క వేద్దాం. నిలిపి ఉంచిన కారు కూడా నిద్రపోదు. రిమోట్ కోసం చెవి ఒగ్గి ఉండే పరికరం, దొంగల అలారం, లోపలి కంప్యూటర్లు కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. అది 50 మిల్లీ ఆంపియర్లనుకుంటే రోజుకు 1.2 ఆంపియర్ గంటలు. 35 రోజులకు 42. మామూలు కారు బ్యాటరీలో పట్టేదే 50 నుంచి 70. దానికి చలి తోడైతే ఇక చెప్పాలా? సున్నా డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర బ్యాటరీ సత్తువ దాదాపు సగానికి దిగిపోతుంది.

2018 జనవరిలో మేము అయిదు వారాలు ఇండియాలో గడిపి, మా అమ్మగారిని వెంటబెట్టుకుని మిన్నెసోటా తిరిగి వచ్చాము. ఆవిడకు 74 ఏళ్ళు. మంచు చూడటం అదే మొదలు. రాత్రి తొమ్మిది దాటింది, చలి సున్నాకు నాలుగు డిగ్రీలు దిగువన ఉంది. పార్కింగులో మమ్మల్ని దింపి బస్సు వెళ్ళిపోయింది. కారు తలుపు తెరుచుకోలేదు. అమ్మ కోటు మీద శాలువా, శాలువా మీద మా మఫ్లర్ చుట్టుకుని, ఒక్క మాట అనకుండా నిలబడింది. ఆ అనకపోవడమే మాకు భయం వేసింది.

మా అమ్మాయి అప్పుడు డ్రైవింగు తరగతులకు వెళుతోంది. రిమోట్ అందుకుని, పక్కనున్న చిన్న మీట నొక్కి, లోపలి నుంచి సన్నని లోహపు తాళంచెవి బయటికి లాగింది. డ్రైవరు తలుపు పిడి చివర ప్లాస్టిక్ మూత ఒకటి ఉంది. దాని అడుగునున్న సందులో ఆ తాళంచెవి మొన పెట్టి పైకెత్తితే మూత ఊడి వచ్చింది. వెనక తాళపు రంధ్రం కనిపించింది. రెండు నిమిషాల్లో అమ్మ గాలి తగలకుండా కారులో కూర్చుంది. హీటరు లేకపోయినా ఆ మాత్రం మరుగే ప్రాణం లేచి వచ్చినట్టుంది. పార్కింగు వాళ్ళకు ఫోను చేస్తే వచ్చి బ్యాటరీకి ఊతమిచ్చి వెళ్ళారు.

దారిలో అమ్మ అంది: "మా అత్తగారి భోషాణంలో కూడా లోపల ఒక దొంగ అర ఉండేదిరా. అది తెలిసిన మనిషి ఇంట్లో ఒక్కరే అయితే ఏం లాభం?"

ఆ మాట పట్టుకునే ఇది రాస్తున్నాము. చాలా ఇళ్ళల్లో కారు సంగతి ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కరూ ఆఫీసులోనో, ఊళ్ళో లేకుండానో ఉన్నప్పుడే బ్యాటరీ చస్తుంది. అందుకని నలుగురికీ తెలియవలసినవి చెబుతాము.

మొదట, చచ్చింది ఏ బ్యాటరీయో చూడండి. లోహపు తాళంచెవితో తలుపు తీసినప్పుడు లోపల దీపం వెలిగితే కారు బాగానే ఉన్నట్టు, పోయింది రిమోట్‌లోని బిళ్ళ బ్యాటరీ. అలాంటప్పుడు చాలా కార్లలో రిమోట్‌ను స్టార్టు బటనుకు ఆనించి నొక్కితే ఇంజను అందుకుంటుంది. దీపం వెలగకపోతే కారు బ్యాటరీయే.

అప్పుడు హుడ్ తెరిచే మీట లాగండి. కొన్ని కార్లలో బ్యాటరీ వెనక ట్రంకులో ఉంటుంది, ఆ మూత కరెంటు లేనిదే తెరుచుకోకపోవచ్చు. అలాంటి వాటికి తీగలు తగిలించే చోటు ముందు హుడ్ కిందే ఇస్తారు. ఎర్ర తీగ మొదట చచ్చిన బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్ల తీగ మంచి బ్యాటరీ మైనస్‌కు, చివరి కొస మాత్రం చచ్చిన కారు ఇంజను మీది ఉత్త లోహానికి. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ చేరి ఉండవచ్చు, నిప్పురవ్వ దానికి దూరంగా పడాలి. గడ్డకట్టిన బ్యాటరీకి ఈ పని చేయకూడదు, పేలుతుంది. అలారం మోగితే కంగారుపడక రిమోట్ నొక్కండి.

కరెంటుతో నడిచే కార్లకు ఈ బెడద లేదనుకోకండి. వాటి తలుపులు కూడా 12 వోల్టుల చిన్న బ్యాటరీ మీదే ఆధారపడతాయి. 2025 సెప్టెంబరులో అమెరికా రహదారి భద్రతా సంస్థ 2021 నమూనా టెస్లా మోడల్ వై తలుపు పిడుల మీద విచారణ మొదలుపెట్టింది. చిన్న బ్యాటరీలో వోల్టేజి తగ్గి తలుపులు తెరుచుకోక, లోపలి పిల్లల కోసం కొందరు తల్లిదండ్రులు అద్దాలు పగలగొట్టవలసి వచ్చింది. తాళపు రంధ్రమే లేని కారు కొన్నవారు బయటి నుంచి తెరిచే ఉపాయం ఏమిటో పుస్తకంలో ముందే చదివి ఉంచుకోవాలి.

పసివాళ్ళు లోపల ఉండిపోతే మాత్రం ఈ ఉపాయాలేవీ వెతుక్కోవద్దు. ఎండలో నిలిపిన కారు 10 నిమిషాల్లో సుమారు 20 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడెక్కుతుంది. వెంటనే 911కు ఫోను చేయండి. పిల్ల వాడిపోయినట్టు కనిపిస్తే బిడ్డకు దూరంగా ఉన్న పక్క అద్దం పగలగొట్టండి. అద్దం మళ్ళీ వేయించుకోవచ్చు.

ఆ వచ్చే ఆదివారమే అమ్మ మా చేత పాఠం చెప్పించుకుంది. తాళంచెవి బయటికి లాగటం, మూత ఎత్తటం, తలుపు తీయటం మూడుసార్లు చేసి చూసింది. కారు నడపటం ఆవిడకు రాదు, తెరవటం వచ్చు. మేమిద్దరం పనికి వెళ్ళాక మనవడితో ఇంట్లో ఉండేది ఆవిడే కదా. మీ ఇంటికి అమ్మానాన్నలు ఎవరు వచ్చినా, మైక్రోవేవూ థర్మోస్టాటూ నేర్పేటప్పుడే ఇదీ ఒకసారి వాళ్ళ చేత చేయించండి. పది నిమిషాల పని.