చిన్న తూటా

పాయింట్ 38 రివాల్వరును విడిచి పాయింట్ 32 పట్టినవానిని చూచి తోటివారు నవ్వడం సహజమే. వయసు మీదపడిందనుకుంటారు. షాలిమార్ స్టేషనులో, దక్షిణాదికి పోయే రైలు కోసం వేచివుండగా పరిచయమైన తెలుగు పెద్దమనిషి ఒకరు ఆ నవ్వును భరించినవారే. ఆయన భద్రతాదళంలో పనిచేసి, గురికాల్పు పోటీలలో పాల్గొన్నారు.

తుపాకి వెనుకకు తన్నడం బాధ కాదట. తన్నబోతున్నదన్న తలంపే బాధ. ట్రిగ్గరు నొక్కడానికి లిప్తపాటు ముందే మణికట్టు బిగుసుకొని, గొట్టం కిందికి వాలుతుంది. 25 మీటర్ల సెంటర్‌ఫైర్ పోటీలో 60 తూటాలు కాల్చాలి. వాటిలో సగం, లక్ష్యం కనబడే 3 సెకండ్లలో ఒక్కొక్కటి. జంకిన చేతిని అన్నిసార్లు ఎవరు మభ్యపెట్టగలరు?

"పెద్ద గుండు చేసే పెద్ద రంధ్రం పై వలయపు గీతను తాకితే ఒక పాయింటు లాభం కదా?" అన్నాను, తెలివిగా అడిగాననుకుంటూ. ఆయన తల అడ్డంగా ఊపారు. 7.62 నుండి 9.65 మిల్లీమీటర్ల వరకు ఏ తూటానైనా నిబంధనలు ఒప్పుతాయి. కాని గీత దగ్గర సందేహం వస్తే రంధ్రంలో పెట్టి చూచే కొలమానం అందరికీ 9.65దే.

మిగిలిన పాత తూటాలను లెక్కపెట్టి ఆ వారమే ఆయుధాగారానికి అప్పగించారట.