సీ3 తగ్గిందంటే...

మన ఇళ్లలో ఆడపిల్ల బీమారీకి రెండు పేర్లుంటాయి. డాక్టరు రాసేది ఒకటి, ఖాందాన్‌కు చెప్పేది ఒకటి. మా ఆపా కూతురికి వచ్చింది లూపస్. చుట్టాలకు తెలిసింది ‘ఖూన్ కమ్ హై’ అని మాత్రమే. లూపస్ వచ్చేవాళ్లలో పదిమందికి దాదాపు తొమ్మిది మంది ఆడవాళ్లే, అదీ ఎక్కువగా రిష్తాలు చూసే వయసులో. అందుకే ఇంత పర్దా.

మొన్న రిపోర్టు వచ్చాక ఆపా ఫోన్ చేసింది. “సీ3 అట, 48 ఉందట. 90కి పైన ఉండాలంట. ఏం తినిపిస్తే పెరుగుతుందిరా? ఖజూరా, కలేజీయా?”

సీ3 ఒక ప్రోటీన్. దాన్ని ఎక్కువగా తయారుచేసేది మన కలేజాయే. కానీ కలేజీ తింటే అది పెరగదు. రక్తంలో పహారా తిరగడం దాని పని. క్రిమి దొరికితే రెండు ముక్కలవుతుంది. పెద్ద ముక్క క్రిమి ఒంటికి అతుక్కుని నిషాన్ పెడుతుంది. ఆ నిషాన్ చూసి తెల్లకణాలు క్రిమిని మింగేస్తాయి. చిన్న ముక్క వాపు పుట్టించి మిగతా కణాలను పిలుస్తుంది. యాంటీబాడీలకు తోడు నిలిచే ఈ గుంపు పేరు కాంప్లిమెంట్. మన మాటలో మదద్‌గార్. ఈ రంగంలో పునాది వేసిన బెల్జియం శాస్త్రవేత్త జూల్స్ బోర్డేకి 1919 నోబెల్ దక్కింది.

లూపస్‌లో యాంటీబాడీలు సొంత ఒంటినే దుష్మన్ అనుకుంటాయి. అవి గుంపులు కట్టి గుర్దాల్లో పేరుకుంటాయి. మదద్‌గార్ అక్కడికీ పరుగెత్తి, గుర్దానే దెబ్బతీస్తూ ఖర్చయిపోతుంది.

“ఆపా, బస్తాలో బియ్యం తగ్గాయంటే కొనలేదనేనా? ఇంట్లో దావత్ నడుస్తుండొచ్చు కదా. ఇక్కడ నడుస్తున్నది లడాయి. ముందు దాన్ని ఆపాలి” అన్నాను.

అప్పుడు అసలు మాట బయటపడింది. వచ్చే నెల రిష్తా వాళ్లు వస్తున్నారు. స్టెరాయిడ్‌తో పిల్ల మొహం ఉబ్బింది. అప్పటిదాకా గోలీలు ఆపుదామా అని.

వద్దే వద్దన్నాను. స్టెరాయిడ్ ఉన్నట్టుండి ఆపితే జాన్‌కే ఖత్రా. గుర్దా పాడవుతున్నా చాలాసార్లు నొప్పి ఉండదు. మూత్రంలో నురగ, కాళ్లకు వాపు కనిపించేసరికే ఆలస్యమైపోవచ్చు. అందుకే డాక్టర్లు సీ3తో పాటు మూత్రంలో ప్రోటీన్ కూడా చూస్తారు. దువా చేద్దాం, గోలీ కూడా వేద్దాం.

ఆపా ఏమీ అనలేదు. ఫోన్ కోడలు పిల్ల లాక్కుంది.

“మామూ, వాళ్లకు బీమారీ పేరు నేనే చెప్తా. అమ్మీని ఒప్పించు.”

రిష్తా నిలుస్తుందో లేదో అల్లాహ్‌కే తెలుసు. మూత్ర పరీక్ష మాత్రం జుమ్మేరాత్‌కు ఖాయం చేశాం.