బోర్లాపడిన రోజు

నాకు నలభై ఆరేళ్లు. ఇంగ్లీషు సాహిత్యంలో పట్టా పుచ్చుకుని, కోల్‌కతాలో లేక్ మార్కెట్ సమీపాన కాపురముంటూ అనువాదాలు చేస్తున్నాను. రోజుకు ఎనిమిది గంటలు కుర్చీని అంటిపెట్టుకుని ఉండే వృత్తి. నాకూ ఒక వెన్నెముక ఉన్నదన్న సంగతి నిరుటి వరకు నా స్ఫురణకు రాలేదు.

నిరుడు వైశాఖంలో అమ్మకు పక్షవాతం వచ్చి ఎడమపక్క పడిపోయింది. ఇంటికి పంపేటప్పుడు ఆస్పత్రి నర్సు పదే పదే హెచ్చరించింది: "రెండు గంటలకోసారి ప్రక్కకు తిప్పుతూ ఉండండి. లేకపోతే ఒళ్లు ఒరిసిపోయి పుండ్లు పడతాయి."

వారం తిరగకుండానే, అమ్మను రెండు చేతులా ఎత్తి తిప్పబోయి నేనే కూలబడ్డాను. నడుము పట్టేసింది. నొప్పికంటె నన్ను భయపెట్టిన ప్రశ్న ఒకటే: ఇక అమ్మను తిప్పేదెవరు?

అమ్మకోసం వచ్చే ఫిజియోథెరపిస్టు ఒక బెంగాలీ యువతి. నొప్పి కొంత ఉపశమించాక నన్ను చాపమీద వెల్లకిలా పడుకోమంది. చేతులు తలపైకి, కాళ్లు బారుగా చాపించి, "కుడికాలు ఒక్కటే ఎత్తి ఎడమవైపుకు దాటించండి దీదీ. మిగతా ఒళ్లు దానంతట అది వెంట రావాలి. చేత్తో తోయకూడదు," అన్నది. నవ్వుకుంటూ ప్రయత్నించాను. అటు ఎలాగో దొర్లాను. ఎడమకాలితో ఇటు తిరగబోతే సగంలో ఆగి, తిరగబడ్డ తాబేలులా కొట్టుకున్నాను. నెలల పసికందు చేసే పని నాకు చేతకాలేదు!

కారణం ఆమే చెప్పింది. వెన్నుపూసలను అంటిపెట్టుకుని, పూసకూ పూసకూ నడుమ చిన్న చిన్న పాయలుగా 'మల్టిఫిడస్' అనే కండరం ఉంటుంది. కడుపు లోపలి పొరలో మరొకటి నడికట్టులా చుట్టుకుని ఉంటుంది. బరువులెత్తేవి పైనున్న పెద్ద కండరాలు. పూసలు చెదరకుండా పట్టి ఉంచడంలో ఈ లోపలివాటి పాత్ర పెద్దది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1996లో ఒక విశేషం ప్రకటించారు. ఆరోగ్యవంతుడు చెయ్యి ఎత్తబోయినప్పుడు, చేతికంటె ముందే ఆ నడికట్టు కండరం బిగుస్తుంది. నడుము నొప్పి ఉన్నవారిలో అది ఆలస్యంగా మేలుకొంటుంది. అదే ఏడాది వెలువడిన మరొక పరిశోధన, నొప్పి తగ్గినంత మాత్రాన మల్టిఫిడస్ తనంతట తాను కోలుకోదనీ, ప్రత్యేకించి వ్యాయామం చేయించాలనీ తేల్చింది.

అనువాదకురాలిని కనుక ఈ మాట నాకు సులువుగానే బోధపడింది. వాక్యంలో నామవాచకాలూ, క్రియలూ కంటికి ఆనతాయి. కాని విభక్తులు జారితే వాక్యమే కుప్పకూలుతుంది.

దొర్లడంలో బలప్రయోగానికి తావు లేదు. ఊపిరి బిగపట్టకుండా, తల, భుజం, నడుము, కటి ఒకదాని వెంట ఒకటి కదలాలి. ఎక్కడ ఆగిపోయామో అక్కడే లోపమున్నదని తెలుస్తుంది. అయితే నొప్పి తీవ్రంగా ఉన్నా, కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా, మూత్రం అదుపు తప్పినా వ్యాయామాల జోలికి పోక వెంటనే వైద్యుని చూడవలసిందే.

అమ్మను తిప్పే ఒడుపు కూడా ఆ అమ్మాయే నేర్పింది. ఎత్తకూడదు. ఆమె మోకాలు మడిచి, చేతిని రొమ్ముమీదుగా ఇవతలికి వేసి, భుజమూ తుంటీ పట్టుకుని మెల్లగా తనవైపు దొర్లించుకోవాలి. బరువు మన నడుముమీద కాక పరుపుమీదే ఉంటుంది.

ఆ తరువాత అమ్మకూ అదే పాఠం మొదలైంది. వశమున్న కుడికాలూ కుడిచేయీ ఊతంగా ఎడమవైపుకు ఒరగడం తొందరగానే వచ్చింది. కుడివైపు తిరగడం మాత్రం గగనమైంది. వశం తప్పిన చేయీ కాలూ ఒంటిని దాటి రావాలి కదా! ప్రతి ఉదయం ఆమె మంచంమీద, నేను చాపమీద దొర్లేవాళ్లం. నాకు ఆరు వారాలు పట్టింది. ఆమెకు అయిదు నెలలు.

కార్తికమాసంలో ఒకనాటి వేకువన వంటింట్లో ఉండగా అమ్మ పిలిచింది. పరుగున వెళ్లాను. కుడివైపుకు, గోడకేసి తిరిగి ఉన్నది. ఎవరూ తిప్పలేదు.

మా వైపు బిడ్డ బోర్లాపడితే బొబ్బట్లు పంచుతారు. నేను బోర్లాపడిన నాడు అమ్మ వీధి వీధంతా పంచిందట.

ముఖం ఇటు తిప్పకుండానే, ఇంకా తడబడుతున్న నాలుకతో అడిగింది:

"బొబ్బట్లేవే?"

శనగపప్పు నానబోయడానికి వంటింట్లోకి నడిచాను.