ఫ్రెంచివాళ్ళ నిన్నటి రొట్టె, మా బాపులపాడు చద్దన్నం

మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఆరోగ్యం మీద భక్తి ఏడాదికోసారి వస్తుంది, హెల్త్ చెకప్ రిపోర్టు చేతికొచ్చిన రోజున. ఈసారి ఆ భక్తి నాకూ వచ్చింది. పరగడుపు షుగర్ 112. ముప్ఫై ఇంకా నిండలేదు. డాక్టరుగారు కళ్ళజోడు పైనుంచి చూసి, "అంచు మీదున్నావు బాబూ. పొద్దున్నే ఏం తింటావు?" అనడిగారు. ఆ ప్రశ్న గురించే ఈ నాలుగు ముక్కలు.

మనవాళ్ళ రోజువారీ లెక్క ఒకసారి చూడండి. తొమ్మిదికి ఇడ్లీ, దానికి తోడు వడ, ఆకలి తీరలేదనిపిస్తే ఒక మసాలా దోశ. పదకొండుకి టీ, బిస్కట్లు. ఒంటిగంటకి కాల్ ఉంది కాబట్టి డబ్బా కీబోర్డు పక్కనే ఖాళీ అవుతుంది. నాలుగింటికి ఎవరిదో పుట్టినరోజు, కేకూ సమోసా. రాత్రి పదింటికి అసలు భోజనం. ఇంత తిన్నా ఎప్పుడూ స్థిమితంగా కూర్చుని తిన్నట్టుండదు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్ల పైమాటే, నాలాగా అంచు మీదున్నవాళ్ళు ఇంకో 13 కోట్ల 60 లక్షలు. మన క్యూబికల్స్‌లో ఎంతమందో మీరే ఊహించుకోండి.

ఆ మధ్య ప్రాజెక్టు పని మీద ఫ్రాన్సులోని తులూజ్‌లో మూడు నెలలున్నాను. ఒక పెద్దావిడ ఇంట్లో గది అద్దెకి తీసుకున్నా. ఫ్రెంచివాళ్ళంటే పొద్దున్నే క్రొవాసాన్లు లాగిస్తారని సినిమాలు చూసి అనుకుంటాం కదా, ఆవిడ ఇంట్లో అవి ఆదివారానికే. మిగతా రోజుల్లో నిన్న కొన్న బగెత్ ముక్కని నిలువుగా చీల్చి, కాల్చి, కాస్త వెన్న, జామ్ రాసుకునేది. దాన్ని తార్తీన్ అంటారు. చిన్న గిన్నెలాంటి కప్పులో పాలకాఫీ, అందులో ముంచుకుని తినడం. అంతా పది నిమిషాల్లో అయిపోయేది. దాని పేరే "పెటీ దెజునే", అంటే చిన్న భోజనం. పేరులోనే చిన్న ఉంది!

అక్కడ నిన్నటి రొట్టె ఎందుకు తింటారంటే, 1993లో వాళ్ళు ఏకంగా ఒక డిక్రీ తెచ్చుకున్నారు. "సంప్రదాయ రొట్టె" అని అమ్మాలంటే పిండిని ఫ్రీజ్ చెయ్యకూడదు, నిలవుండటానికి మందులు కలపకూడదు. అందుకని మర్నాటికి గట్టిపడుతుంది. గట్టిపడితే కాలుస్తారు, మరీ గట్టిపడితే పాలూ గుడ్డూ కలిపిన దాంట్లో నానబెట్టి వేయిస్తారు. నిన్నటిది తింటున్నామే అని ఎవరూ సిగ్గుపడటం నేను చూళ్ళేదు.

అలాగని ఆ వెన్నా జామ్‌లో ఆరోగ్యం వెతక్కండి, దొరకదు. అది కూడా పిండీ చక్కెరే. కిటుకంతా కొలతలోనూ, ఆ తర్వాత జరిగేదాంట్లోనూ ఉంది. 2003లో పాల్ రోజిన్ అనే ఆయన బృందం అమెరికాలో ఫిలడెల్ఫియా, ఫ్రాన్సులో పారిస్ హోటళ్ళలో వడ్డనలు తూకం వేసి చూసింది. అక్కడ సగటున 346 గ్రాములు, ఇక్కడ 277. పైగా తక్కువ తిండిని ఎక్కువసేపు తింటున్నది పారిస్‌వాళ్ళే. నేను చూసిన ఆఫీసులో పొద్దుటి రొట్టె తర్వాత మధ్యాహ్నం దాకా కాఫీ తప్ప ఏమీ లేదు. మధ్యాహ్నం మాత్రం అందరూ లేచి వెళ్ళి గంటసేపు కూర్చుని తినేవాళ్ళు. పని చేసే చోట తిననివ్వకూడదని వాళ్ళ కార్మిక చట్టంలోనే ఉంది. 2021లో కోవిడ్ కోసం తాత్కాలికంగా సడలిస్తే అదో పెద్ద వార్త అయింది.

ఆ మాటకొస్తే ఫ్రెంచివాళ్ళు మా వైపు వాళ్ళకి కొత్తేం కాదు. 1753లో నిజాం సలాబత్ జంగ్ కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, చికాకోల్ సర్కార్లని వాళ్ళకి రాసిచ్చాడు. అంటే 1759లో ఇంగ్లీషువాళ్ళు బందరు కోట పట్టుకునేదాకా మా బాపులపాడు కూడా ఫ్రెంచివాళ్ళ లెక్కల్లో ఉన్నట్టే. బందరులో ఫ్రెంచిపేట అన్న పేరు మిగిలింది, యానాం 1954 దాకా వాళ్ళ చేతిలోనే ఉంది. టిఫిన్ అన్న మాట మాత్రం ఇంగ్లీషువాళ్ళ దగ్గర్నించి వచ్చింది. వాళ్ళకది మధ్యాహ్నం తేలిగ్గా తినే తిండి. మనం దాన్ని పొద్దుటికి మార్చి బరువు పెంచాం.

ఇక బాపులపాడు సంగతి. హనుమాన్ జంక్షన్ అంటే సినిమా పుణ్యమా అని అందరికీ తెలుసు, అది మా మండలంలోదే. నూజివీడు అని బోర్డున్న రైల్వే స్టేషనూ మా దగ్గరే. నాన్నకి నాలుగెకరాల మామిడి తోట. నా చిన్నప్పుడు నాన్న పొద్దుటి తిండి రాత్రి మిగిలిన అన్నమే. నానమ్మ అందులో పాలు పోసి తోడేసి ఉంచేది. తెల్లారేసరికి పెరుగు పేరుకునేది. ఒక ఉల్లిపాయ, మిరపకాయ నంజుకుని నాన్న తోటకి నడిచెళ్ళేవాడు. మళ్ళీ తిండి మధ్యాహ్నమే.

అది ఎప్పుడు ఆగిందో నాకు బాగా గుర్తు, నాకు ఉద్యోగం వచ్చిన ఏడు. "అబ్బాయి సాఫ్ట్‌వేరు, ఇంట్లో ఇంకా చద్దన్నమేంటండీ, నలుగురూ ఏమనుకుంటారు" అంది అమ్మ. నాన్న కూడా కాదన్లేదు. జంక్షన్ నుంచి పూరీ పార్సిళ్ళు మొదలయ్యాయి, తోటకి నడక పోయి బండి వచ్చింది. మూడేళ్ళ కిందట నాన్నకి షుగర్ తేలింది. పూరీ వల్లే వచ్చిందని నేనన్ను, వయసుంది, వంశముంది, తగ్గిన నడకుంది. కానీ చిన్న రసాలు పండించే మనిషి పండు వాసన చూసి బుట్టలో పెట్టేస్తుంటే చూడటం మాత్రం కష్టం.

"పెద్దల మాట చద్దన్నం మూట" అని మనమే అంటాం, ఆ మూటని చూస్తే మాత్రం మనకి నామోషీ. నిన్నటి రొట్టెకి లేని నామోషీ నిన్నటి అన్నానికి ఎందుకో? అది పేదవాళ్ళ తిండి అన్న ముద్ర తప్ప నాకింకో కారణం కనపడదు.

సరే, ఇప్పుడు నేను చేస్తున్నది చెప్తా. పదార్థం మనది, కొలత ఫ్రెంచివాళ్ళది. రాత్రి పాలు గోరువెచ్చగా ఉండగానే ఒక చిన్న కప్పు అన్నంలో అంతే పాలు పోసి తోడేస్తాను. తోటకెళ్ళే మనిషి కొలత కుర్చీలో కూర్చునేవాడికి పనికిరాదు, కాబట్టి కప్పు దాటను. పొద్దున ఉల్లిపాయ, మిరపకాయ, గుప్పెడు వేయించిన వేరుశనగలు, లేదా ఉడికించిన గుడ్డు. నాలుగు నిమిషాల పని. చల్లారిన అన్నంలో కొంత పిండిపదార్థం త్వరగా అరగని రకంగా మారుతుంది, అది కాస్త లాభం. అదే మందు అనుకుని మాత్రలు మాత్రం మానకండి. ఎండాకాలం మామూలు అన్నాన్ని రాత్రంతా బయట వదిలెయ్యకండి, అందులో పెరిగే సూక్ష్మజీవుల విషం వేడిచేసినా పోదు. తోడుకోగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి. రసాల రోజుల్లో కావాలంటే రెండు చెంచాల గుజ్జు, అన్నం అంత తగ్గించి.

అసలు కష్టం దీంట్లో లేదు, మిగతా సగంలో ఉంది. పదకొండింటి బిస్కట్లు మానడం, ఒంటిగంట కాల్‌ని రెండింటికి జరపమని అడగడం. అడిగితే ఎవరూ ఏమీ అనలేదు.

నాన్నకి డాక్టర్ని అడిగే కొలత పెట్టించాం. "ఇదేంట్రా, మా అమ్మ పెట్టినట్టే ఉంది, కాకపోతే సగమే" అన్నాడు.

మీ ఇంట్లో చద్దన్నం ఏ ఏడు ఆగిపోయిందో, ఎవరేమనుకుంటారని ఆగిపోయిందో ఒకసారి అమ్మనడిగి చూడండి.