భట్టిప్రోలు: దిబ్బ కింది స్ఫటికం

తెనాలిలో రేపల్లె ప్యాసింజరు ఎక్కితే దారంతా కాలవలే. మా సాత్తూరుదీ నల్లరేగడే గానీ, వైప్పారులో నీళ్లు చూడాలంటే వాన పడేదాకా ఆగాలి. ఆ పచ్చటి చేలను చూసి కాస్త కుళ్లుకున్నమాట నిజం. భట్టిప్రోలులో దిగి బౌద్ధస్తూపానికి దారి అడిగితే, నా యాస విని "మీది తమిళమా బాబూ?" అన్నాడో పెద్దాయన.

"సాత్తూరండీ. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం."

ఆయన చెయ్యి చూపించాడు గానీ దిబ్బ పేరు సగం మింగేశాడు. వాడుకలో అది లంజదిబ్బ. ఆంధ్రలో ఇంకొన్ని స్తూపాలకూ ఇదే పేరు. ఎవరు అంటగట్టారో గానీ బాగానే అతుక్కుంది.

ఇప్పుడు మిగిలింది ఇటుకల గుట్ట. ఒక్కో ఇటుకా మన ఇటుకకు రెట్టింపు ఉంటుంది. ఒకప్పటి స్తూపం పీఠం అడ్డకొలత 148 అడుగులు. 19వ శతాబ్దంలో ఇటుకలు రోడ్డుకి, రాతి పలకలు కాలవ తూము కట్టడానికి పోయాయి. నేను రైల్లోంచి చూసి కుళ్లుకున్న ఆ నీళ్లకు స్తూపం కూడా కొంత మూల్యం చెల్లించిందన్నమాట.

1892లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ మిగిలినదాన్ని తవ్వితే మూడు రాతి పెట్టెలు బయటపడ్డాయి. లోపల స్ఫటికపు భరిణె, ధాతువులు (అస్థికలు), బంగారు పూలు, ముత్యాలు. పెట్టెల మీది బ్రాహ్మీ రాతవల్లే ఊరికి పేరొచ్చింది. తెలుగు లిపి గురించి ఎవరు రాసినా ఇక్కడ ఆగకుండా పోరు. నా మనసు మాత్రం భరిణె మీదే. శాసనమూ దాన్ని మరవలేదు: కురుడనే ఆయన తండ్రి, తల్లి, ఆ కురుడు, శివుడనే మరొకరు బుద్ధ ధాతువుల కోసం పెట్టెనూ స్ఫటికపు సంపుటాన్నీ చేయించారట. భాష ప్రాకృతం. స్ఫటికం అక్కడ 'ఫాళిగ'.

స్ఫటికమంటే మచ్చలేని పలుగురాయే. ఉక్కుకత్తితో గీసినా గీత పడదు. దాన్ని చెక్కడం అనకూడదు, అరగదీయడం అనాలి. కురువిందం లాంటి గట్టిరాతి పొడి, నీళ్లు, తిప్పే బరమా, బోలెడు ఓపిక. మూతి సన్నగా ఉంచి లోపల డొల్ల చెయ్యాలి. కంటికానని పగులు ఒక్కటున్నా అన్నాళ్ల పనీ ముక్కలే.

ఈ విద్యకు లోకంలో పేరు తెచ్చింది వెయ్యేళ్లకు పైగా తర్వాత కైరోను ఏలిన ఫాతిమీ ఖలీఫాల కాలపు కూజాలు. పిడితో సహా ఒకే రాయి, ఒంటినిండా జంతువులు, తీగలు. ఖలీఫా అల్ అజీజ్ (975–996) పేరున్న కూజా వెనిస్‌లో సాన్ మార్కో ఖజానాలో ఉంది. అలాంటిదే ఒకటి 2008లో ఇంగ్లండులో వేలానికొస్తే, ఫ్రెంచి ద్రాక్షసారా కూజా అనుకుని 100–200 పౌండ్లు కట్టారు. అదే ఏడు లండన్‌లో అది 30 లక్షల పౌండ్లు దాటింది.

కైరో కూజా దర్బారులో నలుగురూ చూసి మెచ్చుకోవడానికి. కురుడి ఇంటివాళ్లు మాత్రం వెలుగు దూరే రాయిని అంత కష్టపడి తొలిపించి, రాతిపెట్టెలో మూసి, ఇటుకల కింద పూడ్చిపెట్టారు.

ఇక్కడి ధాతువు 1920లో కలకత్తా ధర్మరాజిక విహారానికి చేరింది. పెట్టెలు మద్రాసు ఎగ్మోరు మ్యూజియానివి. సాత్తూరు రైలు దిగే స్టేషను నుంచి నడిచిపోయేంత దూరం. చదువుకునే రోజుల్లో ఆ గేటు ముందునుంచి ఎన్నిసార్లు బస్సు కోసం పరిగెత్తానో!