ఆ బిడ్డను ఎవరు ఎత్తుకున్నారు?

2003 అక్టోబరు 10, శుక్రవారం. నేను డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటున్న రోజులు. ఆఫీసు అయిపోగానే నలుగురం కలిసి ఆ పొద్దే విడుదలైన 'కిల్ బిల్' మొదటి భాగానికి పోయినాము. ఒకాయన టెక్సాస్‌లోనే పుట్టి పెరిగినవాడు. ఇంకొకాయనది హాంకాంగ్. మూడోవాడు నా రూమ్మేటు, భీమవరం అబ్బాయి.

నిండు చూలాలైన పెళ్లికూతురి తలలోకి తుపాకి గుండు దించి, చచ్చిందనుకుని వదిలేసి పోతారు. నాలుగేళ్లు ఒళ్లు తెలియకుండా పడివున్నామె లేచి, ఒక్కొక్కరినే వెతుక్కుంటూ బయల్దేరుతుంది. కథ ఇంతే. తెర మీద షా బ్రదర్స్ వాళ్ల పాత గుర్తు పడగానే హాంకాంగ్ మిత్రుడు నిటారుగా కూర్చున్నాడు. ఉమా థర్మన్ వేసుకున్న పసుప్పచ్చ డ్రెస్సు బ్రూస్ లీ 'గేమ్ ఆఫ్ డెత్'లోదని, ముసుగు కట్టుకుని కొట్లాడేది గోర్డన్ లియు అని, ఫైట్లు కూర్చింది యుయెన్ వో పింగ్ అని నా చెవిలో చెప్తూనే ఉన్నాడు. చిన్నప్పుడు వాళ్ల నాయన పక్కన కూర్చుని చూసిన సినిమాలన్నీ ఆయనకు ఎదురొచ్చినట్టుంది. టెక్సాస్ ఆయన పగలబడి నవ్వినాడు. తెగిన చేతుల్లోంచి పైపు పగిలినట్టు ఎగజిమ్మేది ఆయనకు నెత్తురు కాదు, రంగు. మా రూమ్మేటు విజిల్ వేసి, ఇది మన మాస్ సినిమానే అన్నాడు.

నేను మాత్రం మొదట్లో వచ్చే ఒక వంటిల్లు దాటి రాలేకపోయినాను. ఇద్దరాడోళ్లు కత్తులతో కొట్లాడుతుంటారు. కిటికీలోంచి స్కూలు బస్సు కనబడుతుంది. నాలుగేళ్ల పాప లోపలికి రాగానే ఇద్దరూ కత్తులు వీపు వెనక దాచుకుంటారు. తల్లి పాపను తన గదిలోకి పంపుతుంది. కాసేపటికి తల్లి వంటింట్లో చచ్చి పడివుంటుంది. చంపినామె వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో పాప. పెద్దయినాక కూడా ఈ మంట నీలో ఆరకపోతే రా, నేను ఎదురుచూస్తుంటాను అని చెప్పి ఆమె వెళ్లిపోతుంది.

బయటికొచ్చి కారు దగ్గర నిలబడి, "ఆ పాప ఏమైంటుందంటారు?" అని అడిగినాను. ముగ్గురూ నా ముఖం చూసినారు. ఏ పాప అని అడిగినాడు ఒకాయన. తర్వాత కొన్నాళ్లకు, ఆ పాప పెద్దయినాక జరిగే కథ తీయాలని ఉందని దర్శకుడు టరాంటినో చెప్పినట్టు చదివినాను. మా పల్లెల్లో ఆ కథ ఎవరూ తీయకుండానే నడిచింది.

మాది పెనుకొండ వైపు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ పడే వాన, దాన్ని నమ్ముకుని వేసే శెనక్కాయ. నేను నాలుగో తరగతి చదివేటప్పుడు నా పక్కన కూర్చునే పిల్లోని నాయనను బస్సు దిగిన చోటే నరికేసినారు. అప్పటినుంచి వాళ్లింటికి వచ్చిన పెద్దోళ్లందరూ వాని తల నిమిరి, "బిన్నా పెద్దోడివి కా నాయనా" అనేవాళ్లు. అదే దీవెన మా ఇంట్లో నాకూ దొరికేది. నాకైతే బాగా చదువుకో అని. వానికి అర్థం వేరే. అది వానికి తెలుసు, వాళ్లమ్మకు ఇంకా బాగా తెలుసు. వాళ్ల చేన్లోకి దిగడానికి ఏ సేద్యగాడూ ఒప్పుకోలేదు. వాన లేక బీడు పడిన చేన్ల మధ్య భయంతో బీడు పడిన చేను అది. మంచి వానలు పడిన ఏడు చుట్టూ పచ్చగుంటే, అదొక్కటి తుమ్మచెట్లతో నిలబడేది.

అట్లని మేము పగ సినిమాలకు దూరంగా ఉన్నామని కాదు. 'ఎంటర్ ది డ్రాగన్' మా ఊళ్లకు ఎన్నో ఏళ్లు ఆలస్యంగా వచ్చినా, పారకట్టె ముక్కలకు బొక్కెన గొలుసు బిగించి తిప్పి మోచేతులు వాయగొట్టుకున్నాము. చెల్లెలి చావుకు బ్రూస్ లీ బదులు తీర్చుకుంటుంటే మాలో ఒక్కనికీ మా ఊరు గుర్తుకు రాలేదు. అది ఎక్కడో దీవిలో, ఒట్టి చేతులతో జరిగింది. మాకు తెలిసింది వేటకొడవలి, నాటుబాంబు. 'కిల్ బిల్' ఆ పగను వంటింట్లోకి, బడి నుంచి వచ్చిన బిడ్డ ముందుకు తెచ్చింది.

2010లో మా జిల్లా పగల మీద రామ్‌గోపాల్ వర్మ తీసిన 'రక్తచరిత్ర' వచ్చినప్పుడు మళ్లీ అదే తేడా చూసినాను. డల్లాస్‌లో మనోళ్ల పిల్లలు ఈలలు వేసినారు. ధర్మవరంలో మా మామ ఫోన్లో పొడుగూతా తప్పులు పట్టినాడు, "ఆ జీపు అట్ల రాలేదు, ఆ పొద్దు అక్కడ ఆ మనిషే లేడు" అని. ఆయనకది సాక్ష్యం, సరిచూడాల్సిన కాగితం. అంతకు ముందే, పరిటాల శ్రీరాములు జీవితం మీద తీసిన 'శ్రీరాములయ్య' ప్రారంభం రోజు, 1997 నవంబరు 19న, జూబ్లీహిల్స్‌లో కారుబాంబు పేలి 26 మంది చచ్చిపోయినారు. కెమెరాలు పట్టుకుని వచ్చిన టీవీవాళ్లూ అందులో ఉన్నారు. 2005 జనవరి 24న అనంతపురంలో పార్టీ ఆఫీసు దగ్గర ఆయన కొడుకు పరిటాల రవిని చంపినారు. 'రక్తచరిత్ర' రెండో భాగం 2010 డిసెంబరు 3న వచ్చింది. సరిగ్గా నెలకు, 2011 జనవరి 3న, హైదరాబాదులో మద్దెలచెరువు సూరి హత్య. తెర మీద సూర్య వేసింది ఆయన పాత్రే. సినిమా ఇంకా జనం నోళ్లలో నానుతుండగానే మా జిల్లాలో అది మళ్లీ వార్త అయ్యింది. డల్లాస్‌లో ఈలలు వేసిన ఆ పిల్లలను నేను తప్పుపట్టను, కానీ ఆ విజిళ్లు ఇప్పటికీ నా చెవుల్లో గుచ్చుకుంటాయి.

మా అమ్మ 'రక్తచరిత్ర' చూడలేదు. ఇక్కడికి వచ్చినప్పుడు ఒక సాయంత్రం టీవీలో 'కిల్ బిల్' వస్తోంది. శెనక్కాయలు ఒలుస్తూ తలెత్తింది. మాటలు అర్థం కాకున్నా వంటిల్లు అర్థమయ్యింది. గుమ్మంలో పాప కనబడగానే చేతులు ఆగిపోయినాయి.

"ఆ బిడ్డను ఎవురు ఎత్తుకున్న్యారు నాయనా?"

చూపించలేదమ్మా అన్నాను. "కట్టెయ్ దాన్ని" అనింది. కట్టేసినాను.

చాలాసేపటికి నా పక్కన కూర్చునే ఆ పిల్లోని సంగతి తీసింది. వాడు ఉన్నట్టుండి బడి మానేసి ఎక్కడికి పోయినాడో నాకు అన్నేళ్లూ తెలియదు. బెంగుళూరులో వాళ్ల మేనమామ ఉన్నాడంట. చిన్నాయనలు ఒప్పుకోరని ఎవరికీ చెప్పకుండా ఆయమ్మ వాన్ని తీసుకుని రాత్రి బస్సు ఎక్కింది. మా అమ్మే ఇంట్లోని శెనక్కాయల మూట అమ్మిన డబ్బు ఆమె చేతిలో పెట్టి, లాంతరు లేకుండా రోడ్డు దాకా సాగనంపి వచ్చిందంట. బస్సులో పెనుకొండ దాటేదాకా ఆయమ్మ కొడుకు ముఖం మీద కప్పిన కొంగు తీయలేదంట.